నచ్చిన పాట, మెచ్చిన పాట

మంచి గాయకుడు ఎవరు అని అడిగితే మన ఇళ్ళలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "నాకు ఆయన గొంతంటే ప్రాణం" అని ఒకరంటారు. "ఆయన పాటను లక్షల మంది వింటున్నారు, ఇంకేం కావాలె?" అని మరొకరంటారు. మొదటిది రుచి సంగతి, రెండవది జనాదరణ సంగతి. పాట బాగున్నదా లేదా అన్న అసలు ప్రశ్నకు ఈ రెండూ జవాబు కావు. సినిమా పాటల మీద వాదన అయితే చాయ్ హోటల్లో మొదలై అక్కడే ముగుస్తుంది. సంఘములో అలా ముగియదు. పాటల దగ్గర మాటా మాటా పెరిగి పెద్దలు ఒక మూలకు, యౌవనస్థులు బయట అరుగు మీదికి చేరిన సంఘములు మన బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నవి. కాబట్టి ఈ సంగతి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

జనాదరణ పొందిన పాట ఒకటి లేఖనములోనే ఉన్నది. గొల్యాతు పడిన తరువాత స్త్రీలు తంబురలతో ఎదురు వచ్చి పాడిన పాట అది; సౌలుకు వేల లెక్క, దావీదుకు పదివేల లెక్క కట్టిన పాట (1 సమూయేలు 18). అది ఎంత దూరం పోయిందంటే, పొరుగు దేశమైన గాతులో ఆకీషు రాజు సేవకులు కూడా దానిని ఎత్తి చెప్పారు (21వ అధ్యాయము). రేడియో లేదు, క్యాసెట్టు లేదు, సరిహద్దు దాటి శత్రువు చెవిలో పడింది! సౌలుకు మాత్రం ఆ పాట గిట్టలేదు. రాగము బాగాలేక కాదు, అందులో తన పేరుకు తక్కువ లెక్క పడింది గనుక. "ఈ కొత్త పాటలు నాకు నచ్చవు" అని మనమన్నప్పుడు, నచ్చనిది పాటా, లేక దానిని ఎత్తుకున్న పిల్లవాడా అన్నది విచారించవలసిన మాటే.

జనం మెప్పు ఎంత దూరం నమ్మదగినదో జర్మనీ దేశపు లైప్‌జిగ్ పట్టణం చెబుతుంది. 1722లో అక్కడి దేవాలయాల సంగీత బాధ్యతకు పట్టణ పెద్దలు మొదట కోరుకున్నది టెలెమాన్ అనే ప్రసిద్ధుడిని. ఆయన రాలేదు. తరువాత గ్రౌప్నర్‌ను అడిగారు, ఆయనను ఆయన ప్రభువు విడిచిపెట్టలేదు. ఆ తరువాతనే ఆ పని యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌కు దక్కింది. బాఖ్ 1750లో మరణించాడు. మత్తయి సువార్త ప్రకారం క్రీస్తు శ్రమలపై ఆయన కూర్చిన గొప్ప సంగీతాన్ని 1829లో బెర్లిన్‌లో మెండెల్సన్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు మళ్ళీ వినిపించిన తరువాతనే లోకం ఆయన వైపు తిరిగి చూసింది. మధ్యలో 79 ఏళ్ళు. ఆ పెద్దలు చెడ్డవారు కారు; తమ కాలం మెచ్చినవాడిని కోరుకున్నారు, అంతే.

అలాగని జనం మెచ్చినదల్లా తేలికదని తీసిపారేయడం కూడా సరికాదు. మన పత్రికలో సినిమా పేరు ఎత్తితే కొందరు నొసలు చిట్లిస్తారేమో గాని, 1980లో విడుదలైన 'శంకరాభరణం' సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మొదటి రోజుల్లో హాళ్ళు సగం కూడా నిండలేదు. చూసినవారు చెప్పగా చెప్పగా జనం వచ్చారు. అందులో పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. అయినా ఆ పాటలకే ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. రిక్షా తొక్కేవారు, రాగాల పేర్లు తెలియనివారు ఆ పాటలు పాడుకున్నారు. పండితుల రుచి, పామరుల రుచి ఒక్కొక్కసారి ఒకే చోట కలుస్తాయి.

ఇక మన కీర్తనలు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబములో పుట్టి క్రీస్తును అంగీకరించినవారు. ఆయన మన సంగీతములోని రాగతాళాలలోనే కీర్తనలు కట్టారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే కీర్తనల పైన రాగము, తాళము పేర్లు అచ్చయి ఉంటాయి. ఇంగ్లీషు రాగాలకు తెలుగు మాటలు అతికించిన పాటలూ ఆ పుస్తకంలో ఉన్నవి. కాని పల్లెల్లో నోటికి పట్టినవి ఎక్కువగా మన రాగాలవే. నేటి పెద్దలు పవిత్రమని పట్టుకున్న ఈ కీర్తన ఒకప్పుడు కొత్త పాటే కదా!

దాని బలం కట్టుబడిలో ఉన్నది. నాయకుడు చరణం పాడితే సంఘమంతా పల్లవి అందుకుంటుంది. చదువు రాని అవ్వకు కూడా పల్లవి వస్తే చాలు, ఆమె ఆరాధనలో ఉన్నట్లే. దసరా ముందు మన వాకిళ్ళలో బతుకమ్మ ఆడే స్త్రీలను చూడండి, నాట్లు వేసే కూలీలను చూడండి. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావారు అందుకుంటారు. మన నేల మీద పాట అలాగే బ్రదికింది. దానిని కట్టినవారి పేరు ఎవరికీ తెలియదు, తెలియాలని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఫోనులో వచ్చే పాటల దగ్గర నాకున్న చిక్కు ఇదే. రాగము కొత్తదని కాదు, కీబోర్డు ఉన్నదని కాదు. గాయకుడు తన గొంతుకు అనువైన హెచ్చు శ్రుతిలో పాడతాడు. మధ్యలో నిమిషము సేపు వాద్యం మోగుతుంది. మన పిల్లలు ఆదివారం అదే శ్రుతిలో, అదే నడకలో ఎత్తుకుంటారు. మగవారి గొంతు పైకి అందదు, పెద్దవారికి ఊపిరి చాలదు. రెండవ చరణానికల్లా పాడుతున్నది నలుగురే, మిగతావారు చూస్తుంటారు. ఆ పాటను పది లక్షల మంది విన్నారన్న లెక్క నిజమే కావచ్చు. ఎంతమంది విన్నారో ఫోను చెబుతుంది గాని ఎంతమంది పాడగలిగారో చెప్పదు. అదే పాటను రెండు మెట్లు దించి, వాద్యం తగ్గించి, పల్లవి రెండేసి సార్లు పాడిస్తే చాలాసార్లు అవ్వలు కూడా అందుకుంటారు. అప్పుడు తెలుస్తుంది పాటలో సత్తువ ఉన్నదో లేదో. కొన్ని ఆ పరీక్షకు నిలుస్తాయి. కొన్ని కీబోర్డు ఆపగానే కూలిపోతాయి. పాత కీర్తనల్లో కూడా అలా కూలేవి లేకపోలేదు. భక్తి కొద్దీ ఎవరూ పైకి అనరు.

దావీదు మందసమును తెచ్చినప్పుడు పాటకు నాయకుడైన కెనన్యాను గూర్చి 1 దినవృత్తాంతములు 15లో చదువుతాము. అతడు ఆ పనిలో ప్రవీణుడు గనుక నియమింపబడ్డాడు. పేరున్నవాడు గనుక అని లేదు, రాజుకు అతని గొంతు ఇష్టమని కూడా లేదు. మన ఉజ్జీవ సభలకు పేరున్న గాయకుణ్ణి పిలిచే ముందు ఆ అధ్యాయము ఒకసారి చదువుకుంటే బాగుండును. బండి ఖర్చు, కానుక, మైకుల కిరాయి కలిపి ఆయనకయ్యే సొమ్ము చిన్న సంఘానికి ఏడాది కానుకలంత. అదే ఊరిలో శ్రుతి తప్పకుండా పాడే పిల్ల ఒకతె వెనుక చాప మీద కూర్చుని ఉంటుంది. సంఘపు డోలకుకు ఒక వైపు తోలు పగిలి మూడేళ్ళయి ఉంటుంది.