సూర్యకాంతం అంటే తిట్టా?

మారతహళ్ళిలో మా పీజీలో నాలుగు రోజులుగా వేణ్ణీళ్ళు రావట్లేదని ఓనరుని గట్టిగా అడిగాను. వెనక నుంచి "అబ్బో, సూర్యకాంతం!" అన్నారు మనవాళ్ళే. మనసు చివుక్కుమంది. ఆవిడెవరో తెలుసుకుందామనిపించింది.

సూర్యకాంతం గారు 1924లో కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. సినిమాల్లో గయ్యాళి అత్తగా, సవతి తల్లిగా దశాబ్దాల పాటు నటించారు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో ఎన్టీఆర్, ఏయన్నార్, సావిత్రి, జమున ఉన్నారు. అయినా సినిమాకి పెట్టింది ఈవిడ పాత్ర పేరే! దానికి మూలం 'మనె తుంబిద హెణ్ణు' అనే కన్నడ సినిమా. గుండమ్మ అన్న పేరు కూడా కన్నడ వాళ్ళకి బాగా అలవాటైనదే.

ఎడమ చెయ్యి తిప్పుతూ ఆవిడ సవతి కూతురు లక్ష్మిని సాధిస్తుంటే ఒళ్ళు మండుతుంది. అదే గుండమ్మ చివర్లో దుర్గమ్మ చేతికి చిక్కితే అయ్యో అనిపిస్తుంది. మనకి కోపమూ జాలీ రెండూ తెప్పించగలగడమే క్యారెక్టర్ నటుల గొప్పతనం.

షూటింగులకి ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారట. అయినా ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారు. 1994లో ఆవిడ కన్నుమూశారు.

గుండమ్మది గయ్యాళితనమే, కాదనను. మరి వేణ్ణీళ్ళు అడగడం కూడా గయ్యాళితనమేనా?