బస్సు గోడ కోసే ముందు

అమెరికాలో గ్రేహౌండ్ లాంటి కంపెనీలు తిప్పి తిప్పి అమ్మేసిన దూరప్రయాణాల బస్సు కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, వంటగట్టు, బాత్రూం అమర్చుకుని దేశం తిరిగేవాళ్లు ఎప్పట్నించో ఉన్నారు. ఇంజను మొండిది, బ్రేకులు గట్టివి, కింద సామాన్ల డిక్కీలు విశాలం. లోటల్లా వెడల్పే. పాత బస్సులు 96 అంగుళాలు. 1982లో చట్టం మారాక పెద్ద రహదారుల మీద 102 అంగుళాలదాకా అనుమతి వచ్చింది. అదీ బయటి కొలతే. గోడల మందం పోతే లోపల ఎనిమిదడుగులో, ఇంకా తక్కువో. ఒక పక్క సోఫా, ఇంకో పక్క వంటగట్టు పెడితే మధ్యలో మిగిలేది సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు సోఫాలో కూలబడాల్సిందే.

ఈ ఇరుకుకు కనిపెట్టిన ఉపాయం స్లైడౌట్. బండి ఆగాక గోడలో కొంత భాగం, దానితోపాటు సోఫానో మంచమో, బయటికి జరుగుతుంది. బయల్దేరేముందు మళ్లీ లోపలికి వస్తుంది. ఇండియానా రాష్ట్రంలోని న్యూమార్ కంపెనీ 1990లో దీన్ని తెచ్చాక ఫ్యాక్టరీ మోటార్‌హోమ్‌లలో ఇది మామూలైపోయింది. దాంతో పాత బస్సువాళ్లకూ ఆశ పుట్టింది. 14 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు ఉన్న గది బయటికి జరిగితే 35 చదరపు అడుగులు కలిసొస్తాయి. ఇంట్లో అయితే ఓ బాత్రూం పాటి జాగా. బస్సులో మాత్రం అది సందును హాలు చేసేస్తుంది.

అసలు చిక్కు గదిలో లేదు, దానికోసం కోయాల్సిన గోడలో ఉంది.

ఆర్టీసీ ఛాసిస్ కొని దాని మీద బాడీ కట్టించడం మనం ఎరిగిన పద్ధతి. బరువంతా అడుగున ఉన్న ఛాసిస్ మోస్తుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. అమెరికా హైవే బస్సుల్లో చాలావాటికి అలా విడిగా ఛాసిస్ ఉండదు. నేల, గోడలు, కప్పు కలిసి ఒకే గొట్టంలా బరువు మోస్తాయి. కిటికీల మధ్య నిలువు కమ్మీలు, కిటికీల కింది రేకు, ఆ రేకును పట్టుకున్న రివెట్లు, అన్నీ పనిచేసేవే. ఖాళీ అగ్గిపెట్టె పై తొడుగును రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పి చూడండి, మొరాయిస్తుంది. దాని ఒక పక్కను నిలువునా బ్లేడుతో కోసి మళ్లీ తిప్పండి, ఇట్టే తిరిగిపోతుంది. గోడలో 14 అడుగుల బెజ్జం పెడితే బస్సుకు జరిగేది ఇదే. గుంతలో ఒక చక్రం దిగిన ప్రతిసారీ బాడీ మెలితిరుగుతుంది. అద్దం పగలొచ్చు, డిక్కీ తలుపు పట్టేయొచ్చు, వెల్డింగు అతుకులో బీట రావొచ్చు.

గోడ కోయకుండానే ఇబ్బంది పడ్డ బస్సులున్నాయి. గ్రేహౌండ్ కోసం జనరల్ మోటార్స్ 1954, 1956 మధ్య 1,001 సీనిక్రూయిజర్లు కట్టింది. రెండంతస్తుల నేలతో ఎంతో అందమైన బస్సు అది. వాటి పక్క గోడల్లో బీటలొచ్చి, తర్వాత బలం కట్టించాల్సి వచ్చింది. పేరున్న ఇంజనీర్లు లెక్కకట్టిన గోడకే అలా అయినప్పుడు, పెరట్లో గ్రైండర్ పట్టుకున్నవాడు ఇంకెంత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి!

అన్ని బస్సులూ ఒకటి కావు. జనరల్ మోటార్స్ పాత 4104, 4106 మోడళ్లలో రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకే బలం. అలాంటి గోడ కోయకపోవడమే మేలంటాను. ఈగిల్ బస్సులకు లోపల ఉక్కు గొట్టాల అస్థిపంజరం ఉంటుంది. వెల్డింగు తెలిసినవాడికి అది లొంగుతుంది, కాకపోతే ముందు తుప్పు సంగతి తేల్చుకోవాలి. స్కూలు బస్సుకు విడిగా ఛాసిస్ ఉంటుంది కాబట్టి నడుం వంగే భయం తక్కువ. అయితే బోల్తా పడితే కప్పు నలగకుండా కాపాడేవి దాని ఇనుప కమానులు. బస్సు బరువుకు ఒకటిన్నర రెట్లు పైన మోపి వాటిని పరీక్షిస్తారు. మీరు కోసేది ఆ కమానులనే.

అయినా కోయాలనుకుంటే పని వరస ముఖ్యం. బస్సును నాలుగు మూలలా ఒకే మట్టానికి జాకీలెత్తి నిలపాలి. కొత్త చట్రం బిగించేదాకా లోపల ఏటవాలు పైపులతో తాత్కాలికంగా కట్టేయాలి. బెజ్జం పైన ఒక దూలం, కింద ఒక దూలం, రెండు చివర్లా లావాటి స్తంభాలు. ఆ స్తంభాలు నేలకింది అడ్డదూలాలతోనూ కప్పు కమానులతోనూ గట్టిగా కలవాలి, లేకపోతే ఉత్త గుమ్మం పెట్టినట్టే. చట్రం అయ్యాక చిన్న పరీక్ష ఒకటుంది. ఓ మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి రెండు కర్ణాలూ కొలిచి రాసుకోండి. తర్వాత బస్సు ఒక్క మూలను జాకీతో కాస్త ఎత్తి మళ్లీ కొలవండి. కొలతలు మారాయంటే చట్రం మెలితిరుగుతోందన్నమాట. గది చుట్టూ ఉన్న సందు కంటే ఆ తేడా ఎక్కువైతే, ఎగుడుదిగుడు నేల మీద స్లైడు బిగుసుకుపోతుంది.

గదిని జరిపేందుకు పళ్లపట్టీ మీద తిరిగే గేరు ఉన్న మోటారు వాడొచ్చు, హైడ్రాలిక్ సిలిండర్లు వాడొచ్చు, తీగలతో లాగే ఏర్పాటూ ఉంది. ఏదైనా రెండు చివర్లూ సమంగా కదలాలి. ఒకటి ముందుపడితే గది వంకరపోయి ఇరుక్కుంటుంది. బండి మలుపు తిరిగేటప్పుడు గది బయటికి తోసుకొస్తుంది కనక ప్రయాణంలో దాన్ని లాక్ చేసి ఉంచాలి. హ్యాండ్ బ్రేక్ వేయకపోతే స్విచ్ పనిచేయకుండా వైరింగ్ చేయించడమూ తప్పనిసరి. తలకు తగిలే మరో సంగతి, స్లైడు గదికి దాని సొంత పైకప్పు ఉంటుంది. లోపలికి లాగినప్పుడు బస్సు సీలింగు కింద ఇంకో సీలింగు వచ్చి కూర్చుంటుంది. అసలే ఎత్తు తక్కువున్న పాత బస్సులో పొడగరి తల వంచుకోవాలి. అందుకే కొందరు ముందు కప్పును ఎత్తించి ఆ తర్వాతే స్లైడు సంగతి చూస్తారు.

ఇక వాన. కదిలే గదికీ కదలని గోడకీ మధ్య సందు ఉండి తీరుతుంది. మామూలుగా రబ్బరు పెదవుల్లాంటి సీళ్లు పెడతారు. కెనడాలోని ప్రెవోస్ట్ కంపెనీ స్లైడు బస్సుల్లో గాలి నింపే సీలుంటుంది. స్విచ్ నొక్కగానే సీలులో గాలి పోయి అది చదునవుతుంది, గది జరుగుతుంది, ఆగాక సీలు మళ్లీ ఉబ్బి సందు మూసేస్తుంది. బాగా పనిచేసే ఏర్పాటే. సన్న చిల్లు పడితే మాత్రం రాత్రంతా కంప్రెసర్ ఆగి ఆగి మోగుతుంది.

బరువు గురించి ఎక్కువ చెప్పను. ఫ్రిజ్, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఒకే పక్క పడకుండా చూసుకుని, పనయ్యాక ఒక్కో చక్రం మీది బరువు విడిగా తూయించండి. వంటగట్టు స్లైడులో పెడితే గొట్టాలూ వైర్లూ కూడా గదితోపాటు సాగాలి, ఆ తలనొప్పి వద్దనే నా సలహా.

మన దగ్గర సినిమా షూటింగుల కారవాన్లు చూసి ముచ్చటపడి పాత బస్సు కోయించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. వెల్డర్ కంటే ముందు రవాణా ఆఫీసుకు వెళ్లాలి.

అమెరికాలోనైనా, డబ్బుంటే స్లైడుతోనే కట్టిన బస్సు కొనడం మేలు. పాతదాన్నే పట్టుకున్నవాళ్లు కోతకు ముందు నేల మీద టేపు అంటించి గది లోపలికి వచ్చినప్పటి హద్దు గీసుకుని, ఓ వారం ఆ హద్దు లోపలే మసలి చూడాలి. స్లైడు మూసి ఉండగా బాత్రూంకి దారి ఉందా, ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా, బయటపడే ఎమర్జెన్సీ కిటికీ ఏదైనా మిగిలిందా? మోటారు చచ్చిపోతే గదిని చేత్తో లోపలికి తిప్పే స్పానర్ ఎక్కడ పెడతారో, అక్కడికి చేయి పడుతుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.