ప్లాటు అమ్మే బ్రోకర్‌కు లైసెన్సు ఉంది.. లావుణి పట్టాకు కాపలా ఏది?

కరీంనగర్ నుంచి ఏ దిక్కుకు బస్సెక్కినా ఊరు దాటగానే రంగు జెండాలు, హద్దురాళ్లు, వెంచర్ బోర్డులు కనిపిస్తాయి. 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాక ఈ బోర్డులు పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ దాకా పాకాయి. కొత్త కలెక్టరేట్ చుట్టుపక్కల ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఈ లెక్క మార్చే పనిలో అందరికంటే ముందు ఊళ్లో అడుగుపెట్టేది బ్రోకర్.

ఆయన మాల, మాదిగ వాడల వైపు రావడానికి కారణం ఉంది. సర్కారు భూమి లేని పేదలకు ఇచ్చిన లావుణి పట్టాలు చాలావరకు ఊరి చివర, గుట్టల పక్కన, రాళ్ల నేలల్లో ఉన్నాయి. ఇచ్చిన రోజున ఆ భూమిని ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు బైపాస్ పడి, ఊరు పెరిగి అదే భూమి రోడ్డు పక్క భూమి అయింది. అందుకే బ్రోకర్ల మీద ఉన్న చట్టాలేమిటో, అవి ఎవరిని కాపాడతాయో, ఎవరిని వదిలేస్తాయో తెలుసుకోవడం మనకు అవసరం.

రెరా ఏం చెబుతోంది?

రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. దాన్నే రెరా అంటున్నాం. దాని కింద తెలంగాణ ప్రభుత్వం 2017లో నియమాలు చేసింది. 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకు ఇవి వర్తిస్తాయి. దళారి, మధ్యవర్తి, ప్రాపర్టీ డీలర్ అని ఏ పేరుతో పిలిచినా, ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే ప్రతి ఒక్కరూ చట్టం దృష్టిలో ఏజెంటే. సెక్షన్ 9 ప్రకారం ఆయన రెరా దగ్గర రిజిస్టర్ కావాలి. తెలంగాణలో వ్యక్తులకు ఫీజు 10,000 రూపాయలు, కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు 50,000. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. ఆయన చేయించే ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చూపించాలి.

సెక్షన్ 10 ఏజెంటు బాధ్యతలు చెబుతుంది. రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మకూడదు. లెక్కల పుస్తకాలు ఉంచాలి. లేని అనుమతులు ఉన్నాయని చెప్పకూడదు. కొనేవారికి కాగితాలన్నీ అందేలా చూడాలి. వీటిని తప్పితే సెక్షన్ 62 కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది. అయితే అది మొత్తంగా ప్లాటు ధరలో 5 శాతం మించదు. పది లక్షల ప్లాటు అనుకుంటే జరిమానా ఎంత పెరిగినా 50,000 దగ్గర ఆగుతుంది. అంటే ఐదు రోజుల తప్పుకూ ఐదు నెలల తప్పుకూ జరిమానా ఒకటే.

లైసెన్సు ఎక్కడ ఆగిపోతుంది?

ఈ చట్టం రాసింది ప్రధానంగా కొనేవారి కోసం. వెంచర్ కట్టకముందు ఆ భూమి ఎవరి చేతిలోంచి, ఎట్లా వచ్చిందన్న దగ్గర ఏజెంటు రిజిస్ట్రేషన్‌కు పని లేదు. రైతు దగ్గర ఎకరాల్లో భూమి మాట్లాడి, బయానా ఇప్పించి, రియల్టర్‌కు అప్పజెప్పే ఊరి బ్రోకర్ ‘ప్రాజెక్టు’లో ప్లాటు అమ్మడం లేదు. కాబట్టి ఆయనకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. మన వాడకు వచ్చేది ఆయనే.

రెండో సందు విస్తీర్ణానిది. 500 చదరపు మీటర్లు మించని భూమిలో వేసిన ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మన లెక్కలో అది దాదాపు ఐదు గుంటలు. మూడోది అద్దె ఇళ్లు. చట్టంలో ఏజెంటు అంటే అమ్మకం జరిపేవాడే. కరీంనగర్‌లో చదువుకోవడానికి గది వెతికే దళిత విద్యార్థిని “మీరేమిట్లు?” అని అడిగే అద్దె బ్రోకర్ మీద రెరాకు అధికారం లేదు. కులం చూసి ఇల్లు నిరాకరించకూడదని చెప్పే నిబంధన కూడా అందులో లేదు.

లావుణి పట్టా మీద మూడు మాటలు

పరిశోధన పని మీద ఊళ్లలో తిరిగినప్పుడు బ్రోకర్ల నోట వచ్చిన మూడు మాటలు పదేపదే విన్నాను. మూడింటికీ చట్టంలో జవాబు ఉంది.

మొదటిది: “ఎట్లయినా సర్కారు గుంజుకుంటది, ఇప్పుడే నాలుగు పైసలు చేసుకో.” ప్రజావసరాల కోసం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే, పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఉత్తచేతులతో పంపే హక్కు సర్కారుకు లేదు.

రెండోది: “రిజిస్ట్రేషన్ కాకున్నా ఏం కాదు, జీపీఏ మీద, సాదా కాగితం మీద నడుస్తది.” అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977 నుంచి అమల్లో ఉంది. దాని దృష్టిలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తాకట్టు, కౌలు, చివరికి ఆ భూమి మీద రాసుకున్న ఒప్పందం కూడా బదిలీయే. ఏదీ చెల్లదు, కొన్నవారికి ఏ హక్కూ రాదు. సబ్ రిజిస్ట్రార్ అలాంటి దస్తావేజును రిజిస్టర్ చేయకూడదు.

మూడోది భయపెట్టే మాట: “ఫిర్యాదు చేస్తే అమ్మిన నీ మీదనే కేసు, భూమి కూడా పోతది.” చాలామంది నోరు మూసుకునేది ఈ మాటకే. కానీ సెక్షన్ 4 చెప్పేది వేరు. కలెక్టర్ కొన్నవారిని ఖాళీ చేయించి భూమిని అసలు పట్టాదారుకు గానీ, వారసులకు గానీ తిరిగి ఇవ్వాలి. అది సాధ్యం కానప్పుడే సర్కారు స్వాధీనం చేసుకుంటుంది. అయితే ఒకసారి తిరిగి ఇచ్చాక మళ్లీ అమ్మితే ఇక ఇవ్వరు. ఈ తేడా వాడవాడలో తెలియాలి.

బెదిరించో, దొంగ కాగితాలు పుట్టించో దళితుల భూమిని లాక్కుంటే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరం. భయపెట్టి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఆదిలాబాద్ ఏజెన్సీలో

పాత ఆదిలాబాద్ జిల్లాలో ఇంకో చట్టం ఉంది. 1959 నాటి భూబదిలీ నిబంధనలను 1970లో సవరించారు. అందరూ 1/70 అనేది దాన్నే. షెడ్యూల్డ్ గ్రామాల్లో భూమిని ఆదివాసీలకు, లేదా ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఎవరికీ బదిలీ చేయకూడదు. గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా చెల్లవు. జిల్లా మొత్తం ఏజెన్సీ కాదు. గ్రామాలవారీగా జాబితా ఉంది.

ఇక్కడ దళితులు చట్టం దృష్టిలో గిరిజనేతరులు. తరాలుగా అక్కడే ఉంటున్న దళిత కుటుంబానికి కూడా ఇంటి జాగా రిజిస్టర్ కాదు. ఈ అవసరాన్ని బ్రోకర్ వాడుకుంటాడు. సాదా కాగితం రాసిచ్చి డబ్బు తీసుకుంటాడు. అమ్మే ఆదివాసీకి దక్కేది తక్కువ, కొనే దళితుడికి హక్కే రాదు. మధ్యలో కమీషన్ మాత్రం రెండు వైపులా ముడుతుంది. దీనికి జవాబు 1/70ని సడలించడం కాదు. 1981లో ఇంద్రవెల్లిలో నెత్తురు పారిందే ఆ భూమి ప్రశ్న మీద. ఏజెన్సీ దళితులకు ఇంటి జాగా చూపించే బాధ్యత సర్కారుది. దాన్ని ఆదివాసీ భూమి మీదికి నెట్టకూడదు.

కొనేముందు, అమ్మేముందు

ప్లాటు కొంటున్నారా? ఏజెంటు నంబరు, ప్రాజెక్టు నంబరు రెండూ అడగండి. రెండింటినీ తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెరా ప్రాజెక్టులో రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి బిల్డర్‌కు వీల్లేదు. మోసం జరిగితే సెక్షన్ 31 కింద ఏజెంటు మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. ‘ఫామ్ ప్లాటు’ అని గుంటల లెక్కన అమ్ముతుంటే లేఅవుట్ అనుమతి చూపించమనండి. సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందేమో భూభారతిలో చూడండి.

మీ పట్టా భూమి మీదికి బ్రోకర్ వచ్చాడా? ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 చట్టం ఇచ్చిన హక్కు అది.

ఈ గొలుసులో చివరి మెట్టు మీద మన పిల్లలు కూడా ఉన్నారు. డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క, పెద్ద ఏజెంటు కింద బంధువులకు ప్లాట్లు అమ్మిపెడుతున్నారు. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే జరిమానా వాళ్ల మీదే పడుతుంది, చుట్టాల ముందు మాటా వాళ్లదే పోతుంది. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. ఇక్కడా అలాంటి శిక్షణ పెట్టాలి. అందులో అసైన్డ్ భూముల చట్టం, 1/70, అత్యాచారాల నిరోధక చట్టం పాఠాలుగా ఉండాలి. ఊళ్లో ఎకరాలు మాట్లాడే బ్రోకర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. కొనేవాడి పది లక్షలకు కాపలా పెట్టిన చట్టం, అమ్ముకునేవాడి రెండెకరాలకు కూడా కాపలా పెట్టాలి.