తేలియా రుమాల్ అమ్మే షాపు పెడుతున్నారా? నేతన్న డబ్బు ముందు లెక్కేయండి

ఎరుపు, నలుపు గళ్ల తేలియా రుమాళ్లు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్ దేశాలకు వెళ్లేవి. అక్కడి మగవాళ్లు తలకు చుట్టుకునేవారు. నిజాం ఇంటి ఆడవాళ్లు వాటినే దుపట్టాలుగా వేసుకునేవారని చెబుతారు. ఇప్పుడు ఈ నేతకు పెద్ద పేరు యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక. 2020లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఇంటి నుంచే దుపట్టాలు, చీరలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే కుటుంబాలకు ఇది మంచి సరుకే. "పర్యావరణానికి మేలు" అని ట్యాగ్ తగిలించడం మాత్రం అంత తేలిక కాదు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. బట్టకు ఆ మెత్తదనం, చల్లదనం అలా వచ్చినవే. కానీ ఎరుపు కోసం ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ కూడా వాడుతుంటారు. అందుకే "అన్నీ సహజ రంగులే" అని రాసేముందు నేసినవాళ్లను అడగాలి.

అసలు చిక్కు డబ్బు దగ్గర. పడుగుకూ పేకకూ విడివిడిగా ముడులు కట్టి రంగు అద్దాలి, మగ్గం మీద రెండూ కచ్చితంగా కలవాలి. ఇంటిల్లిపాదీ వారాల తరబడి చేసే పని ఇది. అలాంటి సరుకు తీసుకుని "అమ్ముడుపోయాక ఇస్తాం" అంటే, ఆ షాపు నడిచేది నేతన్న అప్పు మీదే. దాన్ని బాధ్యత గల బిజినెస్ అని ఎలా అంటాం?

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రిజిస్టరైన చిన్న యూనిట్ దగ్గర సరుకు కొంటే ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే వడ్డీ పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని ఇంటి మగ్గం సంగతి వేరు, అక్కడంతా కొనేవాళ్ల నియ్యత్ మీదే.

మొదట్లో పది దుపట్టాలు చాలు. సగం అడ్వాన్స్ ఇచ్చి, రంజాన్‌కు కావాలంటే నెలల ముందే చెప్పి నేయించుకోవాలి. మిగిలిపోయే సరుకూ తగ్గుతుంది.

"ప్రింట్‌ది చవకగా వస్తోంది కదా" అని కస్టమర్ అడగడం ఖాయం. రెండూ తిరగేసి చూపించండి. మామూలు ప్రింట్ బట్ట వెనకవైపు వెలిసినట్టుంటుంది, తేలియాకు రెండు వైపులా ఒకే రంగు. మరమగ్గం మీద నేసిన నకళ్లు మాత్రం ఇలా తేలవు. వాటి విషయంలో చేనేత మార్క్, జీఐ లేబుల్ చూసుకోవాల్సిందే.