ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మీరే వేసుకుంటే వారంటీ పోయినట్టేనా?

"సర్, స్టిక్కర్ చిరిగింది. మీరు ఓపెన్ చేశారు, ఇంక వారంటీ రాదు." విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర నేను విన్న మాట ఇది. తాడేపల్లి నుంచి వారధి దాటి ఎండలో వెళ్లింది డిస్‌ప్లే మీద పడిన నిలువు గీతల కోసం. ఆయన చూసింది మాత్రం వెనక స్క్రూ మీదున్న స్టిక్కర్‌ని.

ఓపెన్ చేసిన మాట నిజమే. 8 జీబీ ర్యామ్‌తో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, పాతిక క్రోమ్ ట్యాబులు కలిపి నడిపితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఖాళీ స్లాట్ ఉంది కదా అని ఇంకో 8 జీబీ స్టిక్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కొని ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ మీదే వేసేశా. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత స్క్రీన్ పోయింది. ర్యామ్‌కీ స్క్రీన్‌ గీతలకీ సంబంధం ఏంటండీ అంటే "కంపెనీ పాలసీ సర్" అన్నారు.

ఇంటికొచ్చి వారంటీ పీడీఎఫ్ తెరిచా (కొన్నప్పుడు నేనూ చదవలేదు). 'తెరిస్తే వారంటీ రద్దు' అని ఎక్కడా లేదు. అనుమతి లేని మార్పుల వల్ల జరిగిన డ్యామేజ్‌కి వారంటీ వర్తించదు అని ఉంది. ఆ 'వల్ల' అన్న ముక్కే నన్ను కాపాడింది.

అమెరికాలో ఈ గొడవ పాతదే. అక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. 'ఈ స్టిక్కర్ తీస్తే వారంటీ రద్దు' లాంటి షరతుల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2024లో ఆస్‌రాక్, గిగాబైట్, జోటాక్‌లకూ స్టిక్కర్ల గురించే రాసింది. మన దగ్గర అచ్చంగా అలాంటి చట్టం లేదు. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది కానీ, అది ప్రధానంగా సమాచారం కోసమే. మనకు నిజంగా పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అంటే నాకైతే గుంటూరు. 5 లక్షల లోపు వస్తువైతే ఫీజు కూడా లేదు.

అంతదాకా వెళ్లే అవసరం రాలేదు. కస్టమర్ కేర్‌కి రెండు ప్రశ్నలతో మెయిల్ పెట్టా: స్క్రీన్ పాడవడానికి నేను వేసిన ర్యామ్ ఎలా కారణమైంది? అది మీ టెక్నీషియన్ జాబ్ షీట్‌లో రాసిస్తారా? జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, కాల్ చేసి కంప్లయింట్ రాయించా. తొమ్మిదో రోజు సర్వీస్ సెంటర్ నుంచే ఫోన్ వచ్చింది.

మీరూ విప్పుదామనుకుంటే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో చాలా మోడళ్లకు వీటిని సైట్లోనే పెడతాయి. ర్యామ్ మార్చే పద్ధతి కంపెనీయే బొమ్మలతో చూపించి ఉంటే, రేపు వాదనలో మీ చేతికి అంతకన్నా మంచి కాగితం దొరకదు. సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అక్కడ అసలు ఈ కథే లేదు. విప్పేముందు, విప్పాక ఫొటోలు తీయండి. పాత స్టిక్ పారేయొద్దు.

సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు మీ పార్టులు తీసి పాతవి పెట్టి ఇవ్వండి, ఆ మాట వాళ్లకు చెప్పే ఇవ్వండి. దాచమని కాదు. మీరు కొన్న స్టిక్‌కి వారంటీ దాని తయారీదారుది, అది అక్కడ పోతే ల్యాప్‌టాప్ కంపెనీ బాధ్యత తీసుకుంటుందని నమ్మకం లేదు. బిట్‌లాకర్ రికవరీ కీ కూడా ముందే రాసిపెట్టుకోండి. మదర్‌బోర్డు మారిస్తే విండోస్ మొదట అడిగేది అదే.

స్క్రీన్ ఉచితంగానే మార్చారు. బిల్లులో ఇంకో లైన్ కనిపించింది: బాటమ్ కవర్. కవర్ ఊడదీయడానికి ఆ ఆదివారం నేను వాడింది వంటింటి చాకు, రెండు క్లిప్పులు విరిగాయి. దానికి మాత్రం నోరెత్తకుండా డబ్బు కట్టేశా.