పెన్సిలు సవ్వడిని పట్టుట ఎట్లు?

పెన్సిలుతో బొమ్మ గీయునప్పుడు కలుగు మెత్తని చప్పుడును సామాన్యముగా మనము గమనింపము. అయినను ఆ చప్పుడునే శ్రద్ధతో గ్రహించి వీడియో చిత్రములుగా అందించువారును, వానిని వినుచు విశ్రాంతి పొందువారును నేడు ఎందరో కలరు. ఇట్టి సవ్వడుల వలన కొందరికి తలపై మొదలై మెడ మీదుగా వ్యాపించు హాయియైన జలదరింపునకు 2010లో ఏ.ఎస్.ఎం.ఆర్. అను పేరు ఏర్పడినది. 2018లో వెలువడిన షెఫీల్డు విశ్వవిద్యాలయ పరిశోధనలో, ఆ అనుభవము గలవారు ఇట్టి చిత్రములను చూచునప్పుడు వారి గుండె వేగము నిమిషమునకు సగటున సుమారు 3 సార్లు తగ్గినట్లు తేలినది. అయితే ఈ జలదరింపు అందరికిని కలుగునది కాదు.

ఈ చప్పుడు ఎట్లు పుట్టును? పెన్సిలు లోపలి పుల్ల గ్రాఫైటును, బంకమన్నును కలిపి కాల్చి చేసినది. కాగితము కంటికి నునుపుగా తోచినను, దాని నిండ నారల మిట్టపల్లములే. మొన వానిని తట్టుకొనుచు, జారుచు సాగిపోవును. ఆ చిన్న చిన్న తాకుడులు కలసియే మనము విను సవ్వడి అగుచున్నది. హెచ్ గుర్తు గల గట్టి పెన్సిలులో మన్ను పాలు హెచ్చు. దాని గీత గరుకుగా పలుకును. బి గుర్తు గల మెత్తని పెన్సిలులో గ్రాఫైటు పాలు హెచ్చు. దాని సవ్వడి మృదువు. కాగితము క్రింద పలుచని చెక్కపలక ఉంచినచో అదియు కంపించి ధ్వనికి నిండుదనము నిచ్చును. మందపు గుడ్డ పరచినచో ధ్వని అణగిపోవును.

దీనిని గ్రహించుటలో ఒక చిక్కు కలదు. పెన్సిలు సవ్వడిలో వేణువు నందువలె నిలుకడయైన స్వరము లేదు. అనేక స్థాయిల ధ్వనులు కలగలసిన రాపిడి అది. ఫాను గాలి చప్పుడును, మైక్రోఫోనులో సహజముగా పుట్టు సన్నని రొదయు అట్టివే. కనుక తరువాత యంత్రసహాయమున రొదను గట్టిగా తీసివేయబూనినచో, గీతలోని జీవము కూడ దానితో పోవును. నిశ్శబ్దమును ముందుగా గదిలోనే సమకూర్చుకొనవలెను. ఫాను ఆపి, తలుపులు మూసి, వీధి సద్దుమణగిన వేళ పని ప్రారంభించుట మంచిది.

మైక్రోఫోనును దగ్గరగా ఉంచవలెను. దూరము సగమైనప్పుడు సవ్వడి బలము సుమారు 6 డెసిబెల్లు హెచ్చును. గది రొద మాత్రము ఇంచుమించు అంతే ఉండును. జానెడు దూరము చాలును. అయితే దానిని గీయుచున్న బల్లపై నిలిపినచో బల్ల అదురు దానికి ప్రాకును. వేరు స్టాండుపై, గీయువారి ఊపిరి తగలకుండ ప్రక్కగా నిలుపవలెను. కుడిఎడమలకు రెండు మైక్రోఫోనులు అమర్చినచో, ఇయర్‌ఫోనులతో వినువారికి చేయి కదలిన దిక్కు కూడ తెలియును.

వినువారును ఒక నియమము పాటింపవలెను. ధ్వనిని హెచ్చించినకొలది సవ్వడితోపాటు రొదయు పెరుగును. ఆశించిన విశ్రాంతి తరుగును. పెన్సిలు మెల్లగా పలుకునది. దానిని మెల్లగానే విననిండు.