సీబీపీ రిపోర్టులో థైరాయిడ్ క్యాన్సర్ కనిపిస్తుందా?

జ్వరమొచ్చినా నీరసమొచ్చినా మన దగ్గర డాక్టర్లు మొదట రాసేది సీబీపీ. ఆ రిపోర్టులో తెల్లరక్తకణాల రకాలు శాతాల్లో ఉంటాయి. న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్స్ 30 అని ఉందనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2 వస్తుంది. దీనికి ఎన్‌ఎల్‌ఆర్ అని పేరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 1కీ 3కీ మధ్య ఉంటుంది. ఐసీయూలో ఉన్న రోగుల పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో తేలిగ్గా అంచనా వేయడానికి 2001లో స్లొవాకియా వైద్యుడు జహోరెక్ ఈ లెక్కను ప్రతిపాదించాడు. తర్వాత క్యాన్సర్ వైద్యులు దీన్ని అందుకున్నారు. థైరాయిడ్ క్యాన్సర్ మీద కూడా టర్కీ, కొరియా, చైనాల నుంచి వరసగా పరిశోధన పత్రాలు వచ్చాయి. అదనపు ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. అందుకే ఆశ కూడా పెద్దదే.

ఆ ఆశకు పునాది పాతది. క్యాన్సర్ కణితుల్లో తెల్లకణాలు గుమిగూడి ఉండటం జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. దీర్ఘకాలంగా ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట క్యాన్సర్ పుడుతుందని ఆయన అభిప్రాయం. 1986లో అమెరికా పాథాలజిస్టు హెరాల్డ్ డ్వోరాక్ కణితిని మానని గాయంతో పోల్చాడు. దెబ్బ తగిలిన చోటికి న్యూట్రోఫిల్స్ పరుగెత్తుతాయి, ప్లేట్‌లెట్లు చేరతాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. గాయం మానగానే అంతా సద్దుమణుగుతుంది. కణితి దగ్గర ఇదంతా మొదలవుతుంది, కానీ ఆగదు. న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైములు చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించి క్యాన్సర్ కణాలకు దారి చేస్తాయి. రక్తంలోకి జారిన క్యాన్సర్ కణాలను ప్లేట్‌లెట్లు కప్పేసి కాపాడతాయి. ఆ కణాలను పట్టి చంపాల్సిన టీ కణాలు, ఎన్‌కే కణాలు లింఫోసైట్ల కుటుంబానివి. అందుకే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గితే కణితిది పైచేయి అయిందని భావిస్తారు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించే పీఎల్‌ఆర్ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మరి థైరాయిడ్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుంది? థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా పాపిల్లరీ రకానివి. ఇవి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవారిలో కణితి పెద్దదిగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. మామూలు గడ్డలున్నవారికీ క్యాన్సర్ ఉన్నవారికీ ఈ అంకెలో చెప్పుకోదగ్గ తేడా లేదని మరికొన్ని చెప్పాయి. నాకు ఈ వైరుధ్యం ఆశ్చర్యంగా అనిపించదు. జపాన్‌లోని కోబె నగరంలో కుమా ఆస్పత్రి వైద్యులు 1993 నుంచి సెంటీమీటరుకు మించని పాపిల్లరీ కణితులను, ప్రమాద లక్షణాలు లేకపోతే, ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ వచ్చారు. వాటిలో ఎక్కువ భాగం ఏళ్లు గడిచినా పెరగలేదు. పక్క కణజాలాన్నే కదిలించని కణితి ఒళ్లంతా తిరిగే రక్తంలో గుర్తు వదలాలని ఎలా ఆశిస్తాం?

ఇంతకంటే ఆసక్తికరమైన చిక్కు ఒకటుంది. 1912లో ఫుకుఓకాలోని క్యూషు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యువ సర్జన్ హకారు హషిమోటో, నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అవి లింఫోసైట్లతో నిండిపోయి ఉన్నాయని రాశాడు. ఈనాడు ఎందరికో తెలిసిన హషిమోటో థైరాయిడైటిస్ అదే. పాపిల్లరీ క్యాన్సర్ ఉన్న చాలామందిలో ఇది కూడా పక్కనే కనిపిస్తుంది. గ్రంథి నిండా ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పటికీ అలాంటి రోగుల్లో క్యాన్సర్ లింఫు గ్రంథులకు పాకడం తక్కువని అనేక అధ్యయనాల్లో తేలింది. ఇక్కడ లింఫోసైట్లు ఎక్కువ మోహరించింది గ్రంథిలో. చేతి నరం నుంచి తీసిన రక్తంలో వాటి లెక్క దొరకదు. ఇన్‌ఫ్లమేషన్ అంతా ఒకటే కాదు. ఏ కణాలు, ఏ చోట ఉన్నాయన్నది ముఖ్యం. ఒక్క నిష్పత్తికి అంత వివరం పట్టదు.

అనాప్లాస్టిక్ రకం సంగతి పూర్తిగా వేరు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటో రెండో. ఎక్కువగా పెద్దవయసువారిలో వస్తుంది, వారాల్లో గడ్డ పెరిగి ఊపిరికి అడ్డుపడుతుంది. కణితిలో సగానికి పైగా మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలే ఉండవచ్చు. కొందరిలో క్యాన్సర్ కణాలే జీసీఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ తయారుచేసి, న్యూట్రోఫిల్స్ ఉత్పత్తి పెంచమని ఎముక మజ్జను తొందరపెడతాయి. అప్పుడు ఏ ఇన్‌ఫెక్షన్ లేకుండానే తెల్లకణాలు విపరీతంగా పెరుగుతాయి. ఇలాంటి రోగుల్లో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువగా ఉండటం ప్రమాద సూచనే. ఈ అంకెకు నిజంగా విలువ ఉన్నది ఇక్కడేనని నా అభిప్రాయం. అయితే అప్పటికి జబ్బు మెడ మీద కంటికే కనిపిస్తుంటుంది. ఈ అంకె జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి సాయపడుతుంది గానీ జబ్బును కనిపెట్టడానికి కాదు.

ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే మరో రక్త ప్రోటీన్ సీఆర్‌పీకి కూడా పరిమితి ఉంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ మొదలైనా కాలేయం దీన్ని గంటల్లో పెంచేస్తుంది, కారణం పోగానే రోజుల్లోనే తగ్గుతుంది. పంటి చీము, కీళ్లవాతం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఏదైనా దీన్ని పెంచవచ్చు. ఎన్‌ఎల్‌ఆర్ కూడా అంతే. పొగతాగడం, గర్భం, ఇటీవలి ఆపరేషన్, చివరికి ఒళ్లునొప్పులకు వేయించుకున్న ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా దాన్ని పెంచగలవు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతే పీఎల్‌ఆర్ తారుమారవుతుంది.

రిపోర్టు చేతికి రాగానే ఫోన్‌లో వెతికి, అంకెలను భాగించుకుని నిద్ర మానుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది. ఎన్‌ఎల్‌ఆర్ 4 వచ్చినంత మాత్రాన థైరాయిడ్ క్యాన్సర్ అని కాదు, 2 వచ్చినంత మాత్రాన లేదనీ కాదు. మెడలో గడ్డ తగిలితే చేయించాల్సినవి టీఎస్‌హెచ్ పరీక్ష, అల్ట్రాసౌండ్, డాక్టర్ అవసరమంటే సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ. పాపిల్లరీ క్యాన్సర్‌కు థైరాయిడ్ మొత్తం తీసేశాక జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి రక్తంలో థైరోగ్లోబ్యులిన్ కొలుస్తారు, మెడుల్లరీ అనే మరో రకానికైతే కాల్సిటోనిన్. గడ్డ త్వరగా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడం కష్టమవుతున్నా రక్త పరీక్షల కోసం కాలయాపన చేయకండి. ఆలస్యం లేకుండా డాక్టరుకు మెడ చూపించండి.